షెడ్డు గుంత

షెడ్డు కోసం తవ్వించిన గుంతలో తల తెగిన నల్లకోడి పడి ఉంది.

పళ్లపుల్ల నములుతూ వచ్చిన జయరాజ్ అక్కడే ఆగిపోయాడు. కోడి చుట్టూ పసుపు, కుంకుమ. సగానికి కోసిన నిమ్మకాయలు. నెత్తురు మట్టిలో ఇంకి నల్లబడింది. భార్యను కేకేశాడు.

ఆ గుంత అతనికి ఉత్త గుంత కాదు. ఆర్మూర్‌లో నిజామాబాద్ రోడ్డు పక్కన, ఎండా వానా అనకుండా జీపుల కింద పడుకుని రిపేర్లు చేస్తూ బతికిన మనిషి. పోయిన ఎండాకాలం జాకీ జారి ఓ సుమో కాలి మీదికి దిగింది. ఎముక అతికింది గానీ కుంటు మిగిలింది. మంచాన ఉన్నన్నాళ్లూ సుద్దముక్కతో గచ్చు మీద గీసుకున్నది ఒకటే బొమ్మ. ఇంటి పక్క ఖాళీ జాగాలో రేకుల షెడ్డు, గోడకు పానాల బల్ల, నడుమ నిలువెత్తు గుంత. బండి పైన నిలుస్తుంది, మనిషి కింద నిలబడి పని చేసుకుంటాడు. ఇక జాకీని నమ్ముకునే పని లేదు. ఇంకోసారి జారితే పోయేది కాలు కాదని భార్య సువర్ణ కూడా పట్టుబట్టింది.

ముగ్గు పోసిన రోజు, భీమ్‌గల్ నుంచి వచ్చిన తవ్వకం మేస్త్రి ఎర్రన్న కొబ్బరికాయ కొడదామన్నాడు. జయరాజ్ నవ్వేశాడు. తమది చర్చికి పోయే ఇల్లనీ, ఇలాంటివి నమ్మమనీ చెప్పాడు. పాస్టర్ వచ్చి ప్రార్థన చేసి వెళ్లాడు. గుంత పూర్తయింది, నిన్న రాత్రి మేస్త్రి జ్వరమొచ్చి ఊరికి పోయాడు, ఇటుక పని ఆగింది. ఇప్పుడిది.

సువర్ణ వచ్చి చూసింది. ఒక్క క్షణం తడబడి, పార అందుకుంది.

"ఎవరు చేస్తే చేసిండ్రు. ఏసయ్య ఉండంగ మనకేం ఫికర్," అంటూ తనే అంతా ఎత్తి దూరంగా పారేసింది.

సాయంత్రానికి ఆమె ఒళ్లు కాలిపోయింది. మర్నాటికి కీళ్లు బిగుసుకుపోయి, పక్క మీద నుంచి లేవలేకపోయింది. ఆ ఏడు వానాకాలం ఆర్మూర్‌లో జ్వరం లేని ఇల్లు లేదు. మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు ఎత్తే హమాలీలు కూడా మోకాళ్లు పట్టుకుని కూలబడుతున్నారు. ఇది దోమల వల్ల వచ్చే జ్వరమనీ, ఊరంతా ఇదేననీ దవాఖానలో డాక్టర్ చెప్పాడు. జయరాజ్ తలైతే ఊపాడు. కళ్ల ముందు మాత్రం నల్లకోడే ఉంది.

పక్కింటి నీలవ్వకు నల్లకోళ్లున్నాయి. మొగుడు పోయి, ఒంటరిగా కోళ్లు పెంచుకుని గుడ్లమ్ముకునే ముసలిది. నోరు కొంచెం దురుసు. గుంత తవ్వుతుంటే గోడ మీద నుంచి తొంగి చూసి, "ఇంటి పక్కన బొంద తవ్వుకుంటున్నవా బిడ్డా?" అని నవ్వింది. అప్పుడు కూలీలు కూడా నవ్వారు. ఇప్పుడు ఆ మాట జయరాజ్ చెవిలో తిరుగుతోంది.

అతను చేసిందల్లా ఒక్కటే. హోటల్ దగ్గర చాయ్ తాగుతూ, "మా గల్లీల నల్లకోళ్లు ఎవరింట్ల ఉన్నయో అందరికి తెల్వదా?" అన్నాడు. పేరు చెప్పలేదు.

చెప్పాల్సిన పని లేకపోయింది. ప్రతి ఇంట్లో ఒకరు మూలుగుతూనే ఉన్నారు. మరునాటి మధ్యాహ్నానికి పదిమంది నీలవ్వను రెక్కపట్టి బయటికి లాగారు. పళ్లు పీకితే మంత్రం పారదని ఎవరో అన్నారు. జయరాజ్ పానాల డబ్బా గుంత పక్కన తెరిచే ఉంది. ఒక చెయ్యి వచ్చి అందులోంచి పట్టకారు తీసుకుపోయింది.

నీలవ్వ అతన్ని చూసింది.

"జయరాజూ, నా కోళ్లన్ని ఇంట్లనే ఉన్నయి. నువ్వన్న వచ్చి లెక్కవెట్టు బిడ్డా."

జయరాజ్ కాలు నొప్పి పుట్టినవాడిలా వంగి, మోకాలు రుద్దుకుంటూ ఇంట్లోకి నడిచాడు. కోళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

నందిపేట్ నుంచి ఆమె అన్నకొడుకు వచ్చి, నెత్తుటి మూతికి తువ్వాలు చుట్టి, షేర్ ఆటోలో ఎక్కించుకుపోయాడు. నాలుగు రోజులకు సువర్ణ జ్వరం దిగింది. జయరాజ్‌కు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

పట్టకారును కిరోసిన్‌తో కడిగి మళ్లీ డబ్బాలో పెట్టుకున్నాడు. వేరే మేస్త్రితో గుంత గోడలు కట్టించాడు. రేకులు ఎక్కాయి. మొదటి కారు వచ్చే రోజున, కీళ్ల నొప్పులతో ఒంగి నడుస్తూ ఎర్రన్న వచ్చాడు. తన పార ఇక్కడే ఉండిపోయిందట.

జయరాజ్ సంబరంగా షెడ్డంతా తిప్పి చూపించాడు. ఆ ఊపులో, ఎర్రన్న లేనప్పుడు జరిగిందంతా చెప్పాడు. గుంతలో ఎవరో చేతబడి చేశారనీ, మనిషి దొరికిందనీ, గల్లీకి పీడ విరగడైందనీ.

ఎర్రన్న గుంత అంచున కూర్చుండిపోయాడు.

"ఎవరామె?"

"పక్కింటి నీలవ్వ."

"ఆమె ఒప్పుకున్నదా?"

"నోట్ల పళ్లే లేనిది ఏం ఒప్పుకుంటది?" జయరాజ్ నవ్వాడు.

ఎర్రన్న నవ్వలేదు. జయరాజ్ కుంటికాలి వంక చూశాడు. తర్వాత గుంతలోకి చూశాడు. తల రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"అన్నా, ఇగ రోజు గింత ఇనుము నీ నెత్తి మీద నిలవడతది. ముందుగాల్నే కాలు పోయినోనివి. కొబ్బరికాయ కొట్టనియ్యకపోతివి. నాకు మనసున పట్టలె."

"అయితే?"

"ఊరికి పొయ్యే రాత్రి, నీ పేరు మీద కోడిని నేనే కోసిన."