గొంతు అమ్ముకున్నోడు

సురేంద్ర ఒట్టు తప్పాడు.

ఆ కబురు మోసుకొచ్చింది జాకీర్. మైదుకూరు రోడ్డులో స్వాతి అనే అమ్మాయి నడిపే స్టూడియోలోకి సురేంద్ర వరసగా మూడో రోజు పోవడం కళ్లారా చూశాడట. అది ఫొటోలు తీసే స్టూడియో కాదు, మనిషి గొంతును కంప్యూటరుకు నేర్పించే చోటు. అక్కడ వారం రోజులు కూర్చుని మాట్లాడితే చాలు. ఆ తర్వాత ఏం టైపు చేసినా అది మన గొంతుతోనే చదివిపెడుతుంది.

కాటమయ్య తాగుతున్న టీ కింద పెట్టేశాడు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూళ్లకూ కలిపి ఆటోకు మైకు కట్టుకుని తిరిగేవాళ్లు తొమ్మిది మంది. బట్టల అంగడి తెరిచినా, చీనీ బత్తాయి మొక్కలు అమ్మకానికొచ్చినా, సర్కస్ దిగినా జనానికి చాటేది వాళ్లే. ఏఐ గొంతులొచ్చాక వాళ్ల బతుకు బస్టాండయింది. అంగడాయన ఫోనులో నాలుగు ముక్కలు టైపు చేస్తాడు, రెండు నిమిషాల్లో ప్రకటన తయారు. అయితే ఆ గొంతు టీవీలో వార్తలు చదివినట్టుంటుంది. "శానా మంచి మాలు దిగిందప్పా, రాండి!" అనడం దానికి చేతకాదు. ఆ ఒక్క యాస కోసం ఇంకా అంతో ఇంతో వీళ్లను పిలుస్తున్నారు.

అందుకే ఉగాది తర్వాత అందరూ కలిసి గండి గుడికి పోయారు. ఎవడూ తన గొంతు మిషనుకు ఇవ్వకూడదని ఆంజనేయస్వామి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేశారు. జాకీరేమో బయటే నిలబడి వాళ్ల దర్గా మీద ఒట్టేసుకున్నాడు. ఆ మాటలు అందరిచేతా పలికించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ సురేంద్రే! మూడూళ్లలోనూ అలాంటి గొంతు లేదు. దాన్ని మిషను నేర్చుకుందంటే మిగతా ఎనిమిది మందీ మైకులు పాత సామాన్లవాడికి వేసెయ్యాల్సిందే.

ఆ ఎనిమిది మందిలో ఒకడైన కాటమయ్య ఉన్న గొర్రెలన్నీ అమ్మి ఆటో కొన్నాడు. ఇప్పుడు మంద లేదు, రేపు ఆటోకు పనీ ఉండదు. నేరుగా వెళ్లి స్టూడియో మెట్ల మీద సురేంద్రను పట్టుకున్నాడు.

"ఏంరా, మా నోట్లో మన్ను కొడతాండావా?"

సురేంద్ర చేతిలో వేన్నీళ్ల సీసా ఉంది. గొంతు బొంగురుగా వచ్చింది. పొద్దస్తమానం వాగితే బొంగురుపోకేం చేస్తుంది?

"శనివారం లోపల అయిపోవాల మామా. నన్నొదిలెయ్."

"ఏంది అంత తొందర? యా అంగడోళ్లు కాసుక్కూచున్నారు?"

"ఎవురూ లేరు. మీకేం నష్టం రాదు."

"గండిలో కర్పూరం ఆర్పలే నువ్వు?"

"ఆర్పినా." సురేంద్ర తల దించుకున్నాడు. "నాకు తప్పలే మామా."



కాటమయ్యకు ఏడుపాగలేదు. "అరవై దగ్గర పడినాయిరా నాకు. ఈ మైకు తప్ప ఇంగేం చేతగాదు. నీ కాళ్లు పట్టుకుంటా" అంటూ వంగాడు. సురేంద్ర ఆయన రెండు చేతులూ పట్టి లేపి, లోపలి గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

స్వాతిని అడిగితే, "నేను చెప్పకూడదు పెద్దాయనా" అంది.

కాటమయ్య సిగ్గు విడిచి తలుపుకు చెవి పెట్టాడు. లోపల సురేంద్ర ఒక్కో మాటా ఆగి ఆగి చెబుతున్నాడు. "అన్నం తిన్నావా? యాడుండావు? బండి నిదానంగా నడుపు..." ఇదేం అంగడి ప్రకటనో కాటమయ్యకు అంతు పట్టలేదు. అన్ని రకాల మాటలూ నూరిపోస్తున్నాడు దొంగ అనుకున్నాడు. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాణ్ని చూశాడు గానీ, ఎనిమిది మంది కూర్చున్న కొమ్మను నరికేవాణ్ని ఇదే చూడటం.

శనివారం రికార్డింగు అయిపోయింది. ఆదివారం నుంచి సురేంద్ర ఇంటికి తాళం. దుడ్లు దండిగా ముట్టినాయని ఒకరు, బెంగళూరులో కారు కొంటున్నాడని ఇంకొకరు. ఎనిమిది మందీ చెవులు రిక్కించుకుని మూడూళ్లూ తిరిగారు. ఏ అంగడి ముందూ ఆ గొంతు ఇంకా మోగలేదు. రేపో మాపో మోగుతుందని రోజూ చచ్చి బతుకుతున్నారు.

ఇరవయ్యో రోజు తాళం తీసుందని తెలిసింది. కాటమయ్య, జాకీర్ పరుగున పోయారు.

సురేంద్ర మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుని వసారాలో కుర్చీలో కూర్చునున్నాడు. పెళ్లాం యశోద గడపలో నిలబడింది.

"ఎంతకమ్మినావురా?" అన్నాడు కాటమయ్య.

సురేంద్ర పలకలేదు.

"కారు యాడ పెట్టినావన్నా?" అన్నాడు జాకీర్.

దానికీ పలకలేదు. యశోద ఏదో చెప్పబోయింది. సురేంద్ర చెయ్యెత్తి ఆపాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

సురేంద్ర జేబులోంచి ఫోను తీశాడు.

కాటమయ్య ఒళ్లు మండిపోయింది. "చూడు జాకీరూ, మనం ఇంత మొత్తుకుంటాంటే ఫోను చూసుకుంటాండాడు! మిషనుతో అయితే వారం రోజులు వాగినావే, మనుషులతో పలికేదానికి నోరు రాలేదా? పలుకురా!"

సురేంద్ర మెడ మీది తువ్వాలు తీసేసి, ఫోను మీద నిదానంగా ఏదో టైపు చేసి నొక్కితే, "పలికే గొంతు డాక్టర్లు తీసేసినారు మామా" అంది ఫోను, అచ్చం సురేంద్ర గొంతుతో.