ఎర్ర చుక్క రోజులు

లూయిస్ కోడిగుడ్డు పగలగొట్టి, తెల్లసొనలో రెండు వేళ్ళు ముంచి, మెల్లగా విడదీశాడు. వేళ్ళ మధ్య సన్నటి తీగ సాగింది.

"చూశావా? ఇలా సాగాలి. తెగకూడదు."

డేనియల్ అటూ ఇటూ చూసి తల దగ్గరగా పెట్టాడు. "తెగితే?"

"తెగితే ఇంకా రోజు రాలేదన్నమాట."

ఆమ్లెట్ బండి దుర్గాభవాని అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏంటండీ లూయిస్ గారూ, నా గుడ్లకి పరీక్షలు పెడుతున్నారు?"

"నీ గుడ్లకేం తల్లీ, దివ్యంగా ఉన్నాయి. ఇది కూడా అట్టు పోసెయ్."

"వేళ్ళు పెట్టిందాన్ని ఎవరు తింటారండీ బాబూ?"

"వీడు తింటాడు."

డేనియల్ తిన్నాడు. ఆ పూట లూయిస్ గుడ్డు పెంకు తినమన్నా తినేవాడే.

ఇద్దరిదీ యానాంలో ఒకే ఆటో స్టాండు. డేనియల్ ఇల్లు ఫరంపేటలో. పెళ్ళయి నాలుగేళ్ళు. "ఏరా, ఇంకా విశేషం లేదా?" అని స్టాండులో ఎవరడిగినా, "తొందరేంటండీ, ఇల్లు కట్టాక చూద్దాం. ఇప్పుడే వద్దనుకున్నాం" అని నవ్వేసేవాడు. ఆ నవ్వు పైపైనే. అసలు మాట గొంతులో చేపముల్లులా గుచ్చుకునేది. అతని భార్య హెప్సిబా అయితే పక్కింటి పాపని ఉయ్యాల్లో వేసే రోజున తలనొప్పని ఇంట్లోనే పడుకుంది. తలనొప్పి కాదని డేనియల్‌కి తెలుసు.

అందుకే సిగ్గు చంపుకుని లూయిస్‌ని అడిగాడు. లూయిస్‌కి ఐదుగురు పిల్లలు. పొద్దున్నే వాళ్ళని బడికి దింపేటప్పుడు ఆటో లోపల చోటు చాలక సంచులు బయట వేలాడేవి. ఐదుగుర్ని కన్నవాణ్ణి కాక ఇంకెవర్ని అడగాలి?

"అన్నా, ఆడవాళ్ళకి గుడ్డు విడుదలయ్యే రోజు ఎలా తెలుస్తది?"

అంతే అడిగాడు. ఎందుకో చెప్పలేదు.

లూయిస్ అతన్ని ఎగాదిగా చూశాడు. "అర్థమైంది తమ్ముడూ. ఇంక నువ్వేం చెప్పక్కర్లేదు" అన్నాడు.

పెళ్ళికి ముందు చర్చిలో ఒక సిస్టర్ గారు చెప్పిన పాఠమట అది. "మీ జోసెఫిన్ వదినా నేనూ పద్నాలుగేళ్ళ నుంచీ ఒక్క నెల కూడా మానలేదు" అన్నాడు.

డేనియల్ మనసులో ఐదుగురినీ ఒకసారి లెక్కపెట్టుకుని, మనసులోనే వందనాలు చెప్పుకున్నాడు.

"విను. ఆడవాళ్ళకి కింద కనపడే జిగురు ఇందాక చూపించినట్టు సాగితే అవే అసలు రోజులు. పొత్తికడుపులో ఒక పక్క సన్నగా పోటు రావచ్చు, రాకపోనూవచ్చు. పొద్దున్నే మంచం దిగకముందే థర్మామీటరు పెట్టాలి. గుడ్డు విడుదలయ్యాక ఒళ్ళు ఓ అర డిగ్రీ వేడెక్కి అలాగే ఉంటది. ఆ వేడి కోసం చూస్తా కూర్చోకు, అప్పటికి రోజు దాటిపోద్ది. జిగురు కనపడగానే క్యాలెండర్లో ఎర్ర చుక్క పెట్టు. ఎర్ర చుక్క రోజుల్లో అశ్రద్ధ చేశావో, తరవాత నన్ననకు."

"ఆయ్, చెయ్యనన్నా."

మర్నాడు తెల్లారేసరికి హెప్సిబా నోట్లో థర్మామీటరు ఉంది. ఆమె కళ్ళు తెరిచి ఏదో అనబోయింది.

"మాట్లాడకు, పడిపోద్ది."

తీశాక గానీ ఆమెకి మాట రాలేదు. "నాలుగేళ్ళకి నా నోరు మూయించే యంత్రం దొరికిందన్నమాట నీకు!"

వేళాకోళం చేసినా, ఆ రోజు నుంచి ఆమే ఎక్కువ శ్రద్ధగా చూసుకునేది. నోటితో చెప్పడానికి సిగ్గు. ఫోన్ చేసి "ఆమ్లెట్" అంటే చాలని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

మొదటిసారి ఆ మాట వినపడేసరికి డేనియల్ ఆటోలో చేపల బుట్టతో ఒక ముసలమ్మ ఉంది. అతను ఉన్నపళంగా బండి వెనక్కి తిప్పేశాడు.

"ఒరేయ్ బాబూ, మెట్టకూరు అటు కదరా!"

"ఇంట్లో అర్జెంటు మామ్మా. కాసేపు మా అరుగు మీద కూర్చో, తరవాత ఊరికే దింపుతాను."

ముసలమ్మ అరుగు మీద కూర్చుంది. పట్టపగలు తలుపేసుకున్నారేంటో అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పింది. వింతేంటో చూద్దామని వచ్చినవాళ్ళకి బుట్టెడు చేపలూ అక్కడే అమ్మేసింది. మెట్టకూరు వెళ్ళే పనే లేకపోయింది.

లూయిస్ పద్ధతి మాత్రం వేరు. తన ఎర్ర చుక్క రోజులు రాగానే కాకినాడ ట్రిప్పు ఎవరికొచ్చినా బతిమాలి తీసుకుని వెళ్ళిపోయేవాడు. వదినకి కాజాలు తేవడానికి కాబోలు అనుకున్నాడు డేనియల్. ఎంతైనా అనుభవం ఉన్నవాడు, ఏ పనికి ముందు ఏం చెయ్యాలో తెలుసు.

మూడో నెలలో హెప్సిబా నెల తప్పింది. మందుల షాపులో తెచ్చిన పరీక్ష పుల్ల మీద రెండు గీతలు వచ్చాయి. ఆమె ఆ పుల్ల పట్టుకుని మంచం అంచున కూర్చుంది. గీతలు ఎక్కడ చెరిగిపోతాయో అన్నట్టు వాటి వంకే చూస్తోంది.

డేనియల్ చెప్పులు కూడా వేసుకోకుండా స్టాండుకి పరిగెత్తాడు. లూయిస్‌ని పట్టుకుని వాటేసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"అన్నా... హెప్సిబాకి... రెండు గీతలన్నా! నువ్వు చెప్పినట్టే చేశాను. ఒక్క ఎర్ర చుక్క కూడా మర్చిపోలేదన్నా!"

వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

లూయిస్ ముఖం చిన్నబోయింది. అతన్ని మెల్లగా నడిపించి ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టాడు. భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు తుడిచాడు. గోదావరి వైపు తిరిగి పెద్దగా నిట్టూర్చాడు.

"ఏడవకు తమ్ముడూ, ఎంత జాగ్రత్తపడ్డా మా చిన్నోళ్ళు నలుగురూ ఇలాగే వచ్చేశారు."