శుక్రవారపు బెల్లం

“ఈ పిల్ల అడుగుపెట్టిన నాటి నుంచే దీపాలు కొట్టుకుంటున్నాయి. దీన్ని ద్రాక్షారామం బస్సెక్కించి పుట్టింటికి పంపెయ్యరా,” అన్నది రమాదేవి.

కోడలు వెంకటదుర్గ తలవంచుకొని సంచి సర్దుకుంటున్నది.

కొడుకు సోమశేఖరం మెయిన్ ఆపి ఫ్యూజు పెట్టె తెరిచాడు. దుర్గంధం గుప్పుమన్నది. తుప్పుపట్టిన తీగెల నడుమ, కుళ్ళిన బెల్లంలో బొద్దింకలు పొర్లాడుతున్నాయి.

“ఈ బెల్లం ఎవరు పెట్టారమ్మా?”

“నేనే. శుక్రవారం శుక్రవారం ఈ పెట్టెకు తడిపసుపు రాసి, నైవేద్యం పెడుతున్నాను. నీ పెళ్ళికి ముందు నుంచీ ఉన్న ఆచారమే.”

“దీపాలు కొట్టుకోవడానికి కారణం ఇదే.”

రమాదేవి పెట్టెలోకి తొంగిచూసింది. “అయితే ఆ బొద్దింకలు దీని సారెతోనే వచ్చి ఉంటాయి.”

బొద్దింకలను చూసినప్పుడు కలగని రోత సోమశేఖరానికి అప్పుడు కలిగింది.

“దుర్గా, ఆ సంచిలో నా బట్టలు కూడా పెట్టు,” అన్నాడు.