ఉప్పుగుంటలో లేతాకు

“ఆకేసింది మామయ్యా! ఆకేసింది!”

కొత్తకోడలు పెలెనికే గుంటలోంచే కేక పెట్టింది. మోకాళ్ళదాకా బురద. మామ పానపా తాగుతున్న కొబ్బరినీరా వదిలేసి పరుగెత్తుకొచ్చాడు.

తుపాను నాడు సముద్రం పొంగి దీవిలోని పులాకా గుంటలన్నీ ఉప్పుబారాయి. చేమదుంపకు పెద్దన్నలాంటి పులాకా లేక, రాజధాని ఫునాఫుటి నుంచి ఓడ తెచ్చే బియ్యమే అందరికీ దిక్కయింది. ఇప్పుడా ఉప్పుబురదలో బొటనవేలంత లేతాకు చుట్ట విప్పుకుంటోంది.

“అరవకే పిచ్చిపిల్లా, పక్కవాళ్ళు వింటారు!” అన్నాడు పానపా, తనే పెద్దగా నవ్వుతూ. “చాప కప్పు.”

మొక్క చుట్టూ ఏ ఆకు మీద ఏ ఆకు పేర్చి కుళ్ళబెట్టాలో అక్కడ ప్రతి ఇంటికీ ఓ గుట్టు. ఇప్పుడు ఉప్పును ఓడించింది ఈ ఇంటి ఆకుల ఎరువే. ఈ ఇంట ఆకులు కోసుకొచ్చేది కోడలే కాబట్టి ఆమెకూ చెప్పక తప్పలేదు. ‘ఈ గుట్టు గడప దాటిందా, నిన్ను పుట్టింటి పడవెక్కిస్తా’ అని పానపా ముందే బెదిరించాడు.

“మన గుట్టు ఊరందరికీ చెప్పేద్దాం మామయ్యా!”

“మా తాత ప్రాణం పోతున్నా బయటివాళ్ళకి చెప్పలేదే! తుపానుకు ముందు విందులో, ఎవరి దుంప పెద్దదని పోటీ పడుతుంటే, పక్కింటి సెమెసె నా దుంప చూసి ‘చేపకి ఎరా?’ అన్నాడు. వాడికి చెప్పనా?”

“చెప్పండి. జన్మలో మళ్ళీ మీ ముందు నోరెత్తడు.”

ఆమె భర్త తోఫిగా గట్టు మీద నవ్వాడు. “కోడలే గెలిచేలా ఉంది నాన్నా.”

“నువ్వెటువైపురా?”

“దుంప వండిపెట్టేవాళ్ళ వైపు.”

పెలెనికే వదల్లేదు. “మన ఒక్క గుంటే బతికితే విందెలా మామయ్యా? మనమే తెచ్చి, మనమే వడ్డించి, మనమే తిందామా?”

పానపా లేతాకును చూస్తూ గడ్డం గోక్కున్నాడు.

“సరే. ఆదివారం ప్రార్థనయ్యాక చూద్దాం.”

“ఆదివారందాకా ఎందుకు? రేపే!”

“అంత తొందరేమిటే?”

“ఆకలికి వారాలు తెలుసా మామయ్యా?”

ముసలాయన మెత్తబడ్డాడు. ఛాతీ విరుచుకుని లేచాడు.

“ఒరేయ్ తోఫిగా! శంఖం ఊదు. రేపు పొద్దున సభామందిరంలో పానపా తన ఇంటి గుట్టు విప్పుతున్నాడని చెప్పు!”

తోఫిగా పరుగు తీశాడు. పెలెనికే ఆ బురదలోనే గంతులేసింది. హమ్మయ్య అనుకుంది.

ఆ గుట్టును ఊళ్ళో కోడళ్ళందరికీ ఆమె ఎప్పుడో చెప్పేసింది.