పైకొచ్చినవాళ్ల పేర్లు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కొత్తగూడ దగ్గరి మేం కూలి చేసిన పాత కంకర క్వారీ ఇప్పుడు పార్కు. గుంత చెరువైంది; బాతు పడవలకు అచ్చం మా కాంట్రాక్టరు ముఖమే.

క్వారీలో మందు పేల్చేముందు మేస్త్రీ లింగమూర్తి గుంతలోని కూలీలందర్నీ పైకి రమ్మని పేరుపేరునా పిలిచేవాడు. “వచ్చిన” అని జవాబొస్తేనే నిప్పు పెట్టేవాళ్లు. ఒకరోజు అతని భార్య సాయమ్మ కిందే ఉండిపోయింది; మందు పేలింది.

ఇప్పుడతను పార్కు వాచ్‌మన్. సాయంత్రం గేటు మూసేముందు చెరువువైపు పిలుస్తాడు: “సాయమ్మా, పైకొచ్చినవా?” జవాబు రానిదే తాళం వెయ్యడు.

“ఇయ్యాల గూడ వెయ్యకుంటే నౌకరి పోతది,” అన్నాడు నిన్న పార్కు సూపర్‌వైజర్ అతనితో. గేటు పక్క బెంచీ మీదున్న నావైపు తిరిగి, “తాతా, నువ్వన్న జర వచ్చిందని చెప్పు!”

ఆనాడు ఆమె పేరు పిలిచినప్పుడు, చూడకుండానే అలా చెప్పింది నేను.

నేను చెరువువైపు తిరిగాను. సూపర్‌వైజరే తాళం వేసి, లింగమూర్తి మెడలోని విజిల్ తీసుకుని వెళ్లిపోయాడు.