తాళం వేసిన అర్ర

చీకటి పడేసరికి కుమారస్వామి నిర్మల్‌లోని ఆ ఇంట్లో గదికో హీటరు బిగించి, అన్నిటినీ ఫోనుకు కలిపాడు. ముసలామె గదిలోది ఆమె బతికుండగానే పెట్టాడు. ఆమె మంచి నక్షత్రంలో పోలేదని ఆ గదికి ఆర్నెల్లు తాళం వేశారు; అదింకా తీయలేదు. ఇప్పుడు ఫోనులో చూస్తే ఆ హీటరే నడుస్తోంది. ఆపాడు. లోపల గోడ మీట టక్కుమంది. మళ్లీ నడిచింది.

తలుపు సందులోంచి చీము, ఉచ్చ కలిసిన వెచ్చటి కంపు ముఖానికి కొట్టింది. కుమారస్వామి వెనక్కి జరిగి వంటింట్లోకి తొంగిచూశాడు.

"అక్కా, లోపలెవరున్నరు?"

కోడలు రేవతి, పండ్లు లేనివాళ్లకు పిసికినట్టు, అన్నం మెత్తగా పిసుకుతోంది.

"గా అర్రల బంద్ చెయ్యకు తమ్మీ. మా అత్త చలికి ఓర్వదు."