వేరుశనగ లేని టాకో

"ఇందులో వేరుశనగ పిక్కలు వేస్తావా, బాబూ?"

విజయనగరం గంటస్తంభం దగ్గర మూడో టాకో బండి ముందు నిలబడి రాజకుమారి అదే ప్రశ్న మళ్ళీ అడిగింది.

మొదటి బండివాడు వేస్తానన్నాడు. రెండోవాడు వెయ్యనన్నాడు గానీ, వేయించిన పిక్కల గిన్నె అతని మోచేతి పక్కనే ఉంది.

"నేదమ్మా," అన్నాడు మూడో బండి నాగబాబు, పెనం మీద రొట్టె తిప్పుతూ. "ఇజీనారం అంతా తిరగండి, ఇలాంటి టాకో దొరకదు. తిన్నాక మీరే సెప్తారు."

"రుచి సంగతి తరవాత. చట్నీలో కూడా లేవు కదా?"

"నేవంటే నేవమ్మా. ఒట్టు."

కూతురు గౌరి గెంతింది. క్లాసులో అందరూ టాకోలు తిన్నారు, తను తప్ప. వారం నుంచీ అదే ఏడుపు.

"అట్టు మడతేసి కూర కుక్కితే టాకో అయిపోనాదా? నాను సేసి పెడతానే గుంటా!" అని నాయనమ్మ దాలమ్మ ఎంత చెప్పినా వినలేదు.

రాజకుమారి భయం రుచి గురించి కాదు.

ఆర్నెల్ల కిందట ఎవరిదో పెళ్ళిలో గౌరి ఒక్క వేరుశనగ ఉండ తింది. చూస్తుండగానే పెదవులు వాచాయి. గొంతు మూసుకుపోయింది. ఆటో ఆస్పత్రికి చేరేసరికి పిల్ల గోళ్ళు నీలంగా తిరిగాయి.

"ఈసారికి బతికింది. ఇంకోసారి తింటే ఇంత టైము కూడా ఉండకపోవచ్చు," అన్నాడు డాక్టరు.

అప్పటినుంచీ బయట ఏది కొన్నా ముందు తను రుచి చూడందే పిల్లకి పెట్టదు.

ప్లేటు చేతికొచ్చింది. వాసన చూసింది. వెల్లుల్లి, నిమ్మకాయ. ఎప్పటిలాగే ఒక ముక్క తుంచింది.

అప్పుడు కనిపించింది ఆ ముసలామె.

ఎప్పటినుంచి ఉందో, బండి పక్కనే కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. నలిగిన చీర, రేగిన జుట్టు. కళ్ళు మాత్రం గౌరి నోటి మీదే ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు.

రాజకుమారి పిల్లని దగ్గరికి లాక్కుంది.

బియస్సీ చదివింది. దిష్టీ గిష్టీ నమ్మనని పదిమందిలో అంటుంది కూడా. కానీ పిల్ల తినేటప్పుడు ఎవరైనా అలా నోటివంక చూస్తే, అందులో ఒక ముక్క వాళ్ళ చేతిలో పెట్టేయడం పుట్టింట్లోనూ చూసింది, అత్తింట్లోనూ చూసింది. పెడితే ఆ చూపు అక్కడితో పోతుందంటారు.

తను రుచి చూద్దామని తుంచిన ముక్కనే ముసలామె ముందుకు చాపింది.

"తీసుకో, మామ్మా."

ముసలామె తీసుకోలేదు. తల అడ్డంగా ఊపింది. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. మళ్ళీ గౌరి నోటివంకే చూసింది.

ముక్క పెట్టినా పోని చూపు!

రాజకుమారి ఒక అడుగు వెనక్కి వేసింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు ఊళ్ళో తిరుగుతున్నారని పొద్దున్నే ఫోనుకి వచ్చిన మెసేజి గుర్తొచ్చింది. చేతిలో ముక్కని పారేసింది. గౌరిని తనవైపు తిప్పుకుని కొంగు అడ్డం పెట్టి, ప్లేటు చేతికిచ్చింది.

"వేగం తినీయమ్మా. పోదాం."

గౌరి నోరు తెరిచింది.

ముసలామె ఒక్క ఉదుటున వచ్చి పిల్ల చేతి మీద కొట్టింది. ప్లేటు ఎగిరిపడింది. రాజకుమారి కొంగంతా చట్నీ చిందింది.

"పట్టుకోండి! నా పిల్లని ఎత్తుకుపోతోంది!"

తన అరుపు తనకే కొత్తగా వినిపించింది.

జనం మూగారు. ఒకడు ముసలామె రెక్క పట్టుకుని గుంజాడు. ఇంకొకడు చెంప మీద కొట్టాడు.

"ఒసే, ఎవులే నువ్వు? ఏ ఊరే నీది?"

ముసలామె నోరు విప్పలేదు.

"నాగబాబూ, ఇదెవులో ఎరుగుదువేట్రా?"

నాగబాబు పెనం మీంచి తల ఎత్తలేదు.

"నానెరగను. పిచ్చిదిలాగున్నాది. ఒగ్గీండి, పోతాది."

ముసలామె అతనివంక ఒక్కసారి చూసింది. తరవాత చెంప తడుముకుంటూ, జనంలోంచి దారి చేసుకుని, పక్క సందులోకి వెళ్ళిపోయింది.

"భయపడకండమ్మా. ఇదిగో, వేడిగా ఇంకోటి."

నాగబాబు గౌరికి అందించాడు.

రాజకుమారి కొంగు మీది చట్నీని వేలితో తుడిచింది. తుడిచినదాన్ని అలవాటుగా వేళ్ళ మధ్య నలిపింది. జిడ్డు. సన్నటి పలుకు. నాలుక మీద పెట్టుకుంది.

వేరుశనగ!

గౌరి నోటిదాకా వెళ్ళిన టాకోని ఒక్క దెబ్బతో కిందికి కొట్టింది.

"ఒట్టేశావు కదరా! ఇది తింటే నా పిల్ల చచ్చిపోతుంది!"

నాగబాబు గరిటె కింద పెట్టాడు.

"సిక్కదనానికి కుసింత కలుపుతామమ్మా. ఏదో పత్తెం కాబోలు, కుసింతకి ఏటవుతాదిలే అనుకున్నాను. ఈ చట్నీ కోసమే కదమ్మా జనం వస్తారు..."

రాజకుమారి వినడం లేదు. గౌరి మూతి కడిగింది. వేళ్ళు కడిగింది. నాలుక చాపించి చూసింది. వాపు లేదు. నమ్మకం చాలక మళ్ళీ చూసింది.

అప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని సందులోకి పరుగెత్తింది. ఆ చివరిదాకా ఎవరూ లేరు.

తిరిగొచ్చి బండి పట్టుకుని నిలబడింది.

"నువ్వు దాచావు. నేను కనిపెట్టలేకపోయాను. మరి అందులో పిక్కలున్నాయని ఆవిడకెలా తెలిసింది?"

నాగబాబు పొయ్యి కట్టేశాడు.

"రోజూ పొద్దున్నే ఆ చట్నీ రుబ్బేది ఆవిడేనమ్మా," అన్నాడు చివరికి, తల దించుకుని, "మా యమ్మ."